నాంపల్లి స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో కాఫీ ఎక్కడ? (చాయ్ కాదు, కాఫీ)

తుని అబ్బాయి · ఆదివారం, రాత్రి 9:40

వచ్చే గురువారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అమ్మను హైదరాబాదు తీసుకొస్తున్నాను. శుక్రవారం పొద్దున ఆరు దాటాక నాంపల్లిలో దిగుతాం. రెడ్ హిల్స్‌లో కంటి డాక్టరు పదకొండింటికి రమ్మన్నారు. మధ్యలో నాలుగున్నర గంటలు. మా బంధువులందరూ కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఉంటారు. అంత దూరం వెళ్లి మళ్లీ వెనక్కి రావడం దండగ.

స్నానపానాదుల్లో స్నానానికి ఇబ్బంది లేదు, స్టేషన్ విశ్రాంతి గదిలో అది కానిచ్చేస్తాం. ఇబ్బందంతా పానంతోనే. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. పొద్దున కాఫీ పడకపోతే తొమ్మిదింటికి తలనొప్పి మొదలవుతుంది, పదింటికి మా మేనత్తల మీద ముప్ఫై ఏళ్లనాటి కేసులన్నీ తిరగదోడుతుంది. టీ ముట్టదు. అది జ్వరం వచ్చినవాళ్లు తాగేదని ఆవిడ అభిప్రాయం. మోకాళ్ల నొప్పుల వల్ల ఒక విడతలో పదిహేను నిమిషాలకు మించి నడవలేదు. ఆటో ఎక్కదా అంటే ఎక్కుతుంది. కానీ "కాఫీ కోసం ఆటోనా!" అన్న మాట దిగేదాకా వింటూ ఉండాలి.

స్టేషన్ చుట్టుపక్కల నడిచి వెళ్లగలిగే దూరంలో, పొద్దున్నే తెరిచి ఉండే, డికాషన్ కాఫీ ఇచ్చే చోటు చెప్పండి. ఏసీ, మెత్తటి సోఫాలు అక్కర్లేదు.

---

ఇరానీ గల్లీ · ఆదివారం, రాత్రి 9:58

నాంపల్లిలో దిగి కాఫీ అడగడమంటే తిరుపతి వెళ్లి లడ్డూ వద్దు, జిలేబీ ఉందా అన్నట్టు.

తమ్ముడూ, మీ వైద్యం రెడ్ హిల్స్‌లోనే కదా. కేఫ్ నీలోఫర్ అక్కడే, నీలోఫర్ ఆసుపత్రి దగ్గర. 1978 నుంచి ఉంది. తెల్లవారుజాము నుంచే జనం ఉంటారు. టీ ఆకును మూత బిగించిన డేగిసాలో గంటల తరబడి మగ్గపెడతారు. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరుగుతుంటాయి. కప్పులో ముందు ఒకటి, దాని మీద ఇంకొకటి పోస్తారు. పక్కన ఉస్మానియా బిస్కెట్టు. అమ్మగారు ఒక్క గుక్క తాగితే ఆ జ్వరం మాట వెనక్కి తీసుకుంటారు.

---

తుని అబ్బాయి · ఆదివారం, రాత్రి 10:05

ఇరానీ గల్లీ గారూ, శీర్షికలో బ్రాకెట్లు ఎందుకు పెట్టానో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

---

ఇరానీ గల్లీ · ఆదివారం, రాత్రి 10:07

చూశాను. చూసే రాశాను.

---

ఆబిడ్స్ పాతకాపు · సోమవారం, ఉదయం 6:15

నేను ఆబిడ్స్ చుట్టుపక్కల ముప్ఫై ఒక్క ఏళ్లు ఉద్యోగం చేశాను. కాఫీ తాగే ఉద్యోగిని. ఈ ఊళ్లో అది ఒక మైనారిటీ వర్గం అనుకోండి. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ ఉంది. ఆగ్రా వైపు, బొంబాయి సముద్రం వైపు పోకండి, ఇది కింగ్ కోఠి దారిలో ఉన్న శాకాహార హోటలు. 1940ల నాటిది. హైదరాబాదులో ఇరానీలు చాయ్ నేర్పితే, ఇడ్లీ పక్కన కాఫీ అనే అలవాటును ఎక్కువగా తెచ్చినవాళ్లు ఉడుపి వైపు నుంచి వచ్చి హోటళ్లు పెట్టినవాళ్లే. నా మొదటి జీతంతో అక్కడే మసాలా దోసె తిని కాఫీ తాగాను. రెండోదానికి కూడా డబ్బులున్నాయి కానీ, ఆశపడ్డానని సర్వరు అనుకుంటాడేమోనని అడగలేదు. ఇప్పటికీ ఆ బాధ ఉంది.

దారి చెప్పడం తేలిక. స్టేషన్ బయటికి వచ్చి నాంపల్లి స్టేషన్ రోడ్డు పట్టుకోండి. లాడ్జీలు, సూట్‌కేసుల దుకాణాలు దాటుకుంటూ పోతే జీపీఓ, ఆబిడ్స్ కూడలి. అక్కడి నుంచి నాలుగు అడుగులు.

ఆబిడ్స్ అంటే ఏమిటని మా మనవడు అడిగాడు ఈ మధ్య. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా యూదుడు ఇక్కడ దుకాణం పెట్టాడు. మనిషి పోయాడు, దుకాణం పోయింది, పేరు మాత్రం బస్సుల మీద మిగిలింది. అలాగే ఓరియంట్ హోటల్ అని ఒకటి ఉండేది ఈ ఆబిడ్స్‌లోనే. మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు కూర్చునేవారు. ఇప్పుడు లేదు. దాని గురించి మొదలుపెడితే మీ అమ్మగారి కాఫీ చల్లారిపోతుంది, ఇంకోసారి చెబుతాను.

---

కాలినడక · సోమవారం, ఉదయం 8:30

పాతకాపు గారి మీద నాకు చాలా గౌరవం. కానీ ఆయన "నాలుగు అడుగులు" నేను నడిచి చూశాను. స్టేషన్ నుంచి తాజ్‌మహల్ దాకా కిలోమీటరు పైనే ఉంటుంది. నాలాంటివాడికి పద్దెనిమిది నిమిషాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు అరగంట కింద లెక్కేసుకోండి.

పైగా ఈ రోడ్ల మీద దూరం కిలోమీటర్లలో కొలవకూడదు, దాటాల్సిన చోట్లలో కొలవాలి. ఆబిడ్స్ కూడలి ఒక్కటే అర కిలోమీటరుకు సమానం. ఫుట్‌పాత్ ఉంటుంది. దాని మీద స్కూటరు ఉంటుంది. స్కూటరు మీద పడుకున్న పిల్లి ఉంటుంది. పొద్దున ఏడు లోపలైతే రోడ్డు మీదే హాయిగా నడవచ్చు, తొమ్మిది దాటితే నేను కూడా సాహసించను.

నాంపల్లి నుంచి నడిచి పోదగిన చోట్లు మూడు దిక్కుల్లో ఉన్నాయి. ఆబిడ్స్ ఒకటి. రెండోది మొజంజాహి మార్కెట్. అది కూడా కిలోమీటరు పైచిలుకే. అక్కడ 1953 నాటి కరాచీ బేకరీ, దాని దగ్గర తెల్లవారకముందే పెనం వేడెక్కే రామ్ కీ బండి దోసెలు, ఐస్‌క్రీం దుకాణాలు ఉన్నాయి. కాఫీ కోసం అటు పంపను. మూడోది రెడ్ హిల్స్. మ్యాపులో చూస్తే స్టేషన్‌కు ఆనుకున్నట్టే ఉంటుంది కానీ, మధ్యలో రైలు పట్టాలున్నాయి. చుట్టు తిరిగి వెళ్లాలి. చాలామంది ఇక్కడే మోసపోతారు.

ఒక చిన్న సంగతి చెప్పి ఊరుకుంటాను. ఆ మార్కెట్టు ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరు మీద 1935లో కట్టింది. రెడ్ హిల్స్ ఆసుపత్రికి పెట్టింది ఆయన భార్య నీలోఫర్ పేరు. తన పనిమనిషి పురుటిలో చనిపోవడం చూసి స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి కావాలని ఆవిడ పట్టుబట్టారని చెబుతారు. భార్యాభర్తలు తరవాత విడిపోయారు. ఆయన పేరు స్టేషన్‌కు ఒక పక్క, ఆవిడ పేరు ఇంకో పక్క. నేను ప్రతి ఆదివారం ఆయన దగ్గర మొదలుపెట్టి ఆవిడ దగ్గర చాయ్ తాగుతాను.

---

ఇరానీ గల్లీ · సోమవారం, ఉదయం 8:41

చూశారా, ఈయన కూడా చివరికి చాయ్ దగ్గరే తేలాడు.

---

ఉప్పల్ వాసి · సోమవారం, మధ్యాహ్నం 1:20

స్టేషన్ లోపలే తాగేయొచ్చు కదా, ఎందుకు ఇంత చర్చ?

---

తుని అబ్బాయి · సోమవారం, మధ్యాహ్నం 1:34

పోయినసారి వేరే ఊరి ప్లాట్‌ఫారం మీద ఆ ప్రయోగం చేశాం. కాఫీ అంటే యంత్రం మీద ఒక మీట నొక్కాడు. అమ్మ "నాకు టీ వద్దు బాబూ" అంది. అతను "ఇది కాఫీయేనమ్మా" అన్నాడు. పక్కన టీ తీసుకున్నాయన కప్పు చూశాం, నా కప్పు చూశాం. రంగులో, రుచిలో అన్నదమ్ములు. అమ్మ ఆ కప్పు నా చేతికిచ్చి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏలూరు దాకా మాట్లాడలేదు.

---

చికోరీ విరోధి · సోమవారం, సాయంత్రం 5:10

అమ్మగారు ఇంట్లో ఏ పొడి వాడతారో చెబితే సరైన చోటు చెప్పవచ్చు. బయట హోటళ్లలో వచ్చేది చాలామటుకు చికోరీ కలిసిన పొడి. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన. అంటే 49 శాతం దాకా చికోరీ అనే మొక్క వేరు పొడి పోసి కూడా కాఫీ అని బోర్డు పెట్టుకుని అమ్మవచ్చు. ప్యాకెట్టు మీద శాతం రాస్తారు, హోటలు గోడ మీద రాయరు కదా. నల్లగా, చిక్కగా ఉంటే జనం "స్ట్రాంగ్" అంటారు. అది కాఫీ బలం కాదు, వేరు బలం. అందులో కెఫీన్ ఉండదు. కాబట్టి తలనొప్పి తగ్గాలంటే

---

డికాషన్ అత్తయ్య · సోమవారం, సాయంత్రం 5:32

విరోధి గారూ, వాక్యం పూర్తి చేయకుండానే పంపేశారు. నేను పూర్తి చేస్తాను.

చికోరీని తిట్టడం ఈ మధ్య ఫ్యాషనైపోయింది. పాలు పోసుకుని తాగే కాఫీకి కొంచెం చికోరీ ఉంటేనే నిలబడుతుంది. వట్టి అరబికా గింజల డికాషన్‌కు సువాసన ఉంటుంది కానీ పాలలో పడగానే తేలిపోతుంది. అందుకే మా అమ్మ 80కి 20 పట్టించేది. కాఫీ గింజల్లో పీబెర్రీ రకం, ప్లాంటేషన్ రకం సగం సగం. పాలు లేకుండా తాగేవాళ్లకు చికోరీ అక్కర్లేదు, అది వేరే మతం.

అసలు తేడా పొడిలో కంటే ఓపికలో ఉంది. ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, మెత్తగా అదిమి, వేడినీళ్లు ఒక్కసారిగా గుమ్మరించకుండా ముందు తడిపి, పొడి ఉబ్బాక మిగతావి పోయాలి. ఇరవై నిమిషాలు దాని జోలికి పోకూడదు. చుక్కలు పడే చప్పుడు మొదట గబగబా ఉంటుంది, తరవాత ఆగి ఆగి వస్తుంది. ఆ ఆగి ఆగి వచ్చేదే అసలు డికాషన్. హోటలు వాడు పొద్దున అయిదింటికి తీసిన మొదటి డికాషన్ మీ అమ్మగారికి దక్కితే అదృష్టం. ఎనిమిదిన్నరకు వెళితే అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోసినది వస్తుంది. కాబట్టి ఎక్కడ తాగాలి అన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు తాగాలి అన్నదీ అంతే ముఖ్యం.

---

చికోరీ విరోధి · సోమవారం, సాయంత్రం 5:50

20 శాతంతో మొదలై 49తో ముగుస్తుంది. నేను చూశాను.

---

డికాషన్ అత్తయ్య · సోమవారం, సాయంత్రం 5:53

మీరు చూసింది హోటలు. నేను చెబుతున్నది మా ఇల్లు.

---

నిర్వాహకులు · సోమవారం, సాయంత్రం 6:20

చికోరీ మీద ఇప్పటికే వేరే చర్చ నడుస్తోంది, 212 సమాధానాలతో. దయచేసి అక్కడికి వెళ్లండి. ఇక్కడ నాంపల్లి, కాఫీ, మోకాళ్లు. ఈ మూడే.

---

తుని అబ్బాయి · సోమవారం, రాత్రి 9:15

అందరికీ ధన్యవాదాలు. అమ్మ వాడేది అరకు పొడి. గిరిజన సహకార సంస్థ దుకాణంలో తెచ్చుకుంటుంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపరు ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. 2025లో పార్లమెంటులో అరకు కాఫీ స్టాల్ పెట్టారని టీవీలో చూసి, "వాళ్లకి ఇప్పుడు తెలిసిందా" అంది. ఆవిడకు మన్యంలో మిరియాల తీగలు పాకించిన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పొదలు పెరుగుతాయని తెలుసు, ఎప్పుడో లంబసింగి వైపు పెళ్లికి వెళ్లినప్పుడు చూసింది. ఆ ఒక్క పెళ్లి మీద ఇప్పటికీ కాఫీ గురించి అధికారికంగా మాట్లాడుతుంది.

మీ సమాధానాలన్నీ చదివి వినిపించాను. డికాషన్ అత్తయ్య గారి మాటకు తల ఊపింది. ఇరానీ గల్లీ గారి మాటకు ఏమీ అనలేదు. అది మంచి సూచన కాదు.

---

సీతాఫల్‌మండి · మంగళవారం, ఉదయం 7:05

సికింద్రాబాదులో దిగిపోండి. స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్. దాటితే చాలు.

---

కాలినడక · మంగళవారం, ఉదయం 7:22

ఆల్ఫా కూడా చాయ్‌కే పేరు. పైగా సికింద్రాబాద్ స్టేషన్‌ను కొత్తగా కడుతున్న ఈ రోజుల్లో ఏ ద్వారం ఎటు తెరుస్తుందో చూసుకుంటూ పెద్దావిడతో, సామాన్లతో తిరగడం కష్టం. నాంపల్లి 1907 నాటి స్టేషన్, రైలు అక్కడితో ఆగిపోతుంది. మెట్లెక్కి దిగే పని లేకుండా ప్లాట్‌ఫారం చివరి నుంచి నేరుగా బయటికి నడిచి రావచ్చు. మోకాళ్లున్నవాళ్లకు అంతకంటే మంచి స్టేషన్ ఈ ఊళ్లో లేదు.

---

నీలవేణి · మంగళవారం, మధ్యాహ్నం 2:45

మగవాళ్లందరూ కలిసి చరిత్ర చెప్పారు, దూరాలు కొలిచారు. ఆవిడ సమస్య మాత్రం అలాగే ఉంది. నేను మా అత్తగారితో ఏడేళ్లుగా ప్రయాణాలు చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను.

డికాషన్ వెంట తీసుకెళ్లండి. పాలు హైదరాబాదులో దొరుకుతాయి. ఇరానీ హోటలు ఉన్నచోట మరిగిన పాలకు ఎప్పుడూ కొరత లేదు. కప్పు వేడి పాలు అడగండి, డికాషన్ కలుపుకోండి. అంతే. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా మనకేమిటి?

ఒక్క జాగ్రత్త. డికాషన్ వేడివేడిగా ఫ్లాస్కులో పోసి తీసుకెళ్లకండి. గంటల తరబడి వేడిగా ఉంటే చేదెక్కి, పుల్లబడి, పొద్దుటికి మందులా తయారవుతుంది. చల్లారనిచ్చి గాజు సీసాలో పోసి, మూత బిగించి, చేతిసంచీలో నిలబెట్టండి. పాలు బాగా వేడిగా ఉంటే చల్లటి డికాషన్ సరిపోతుంది. పంచదార విడిగా.

---

డికాషన్ అత్తయ్య · మంగళవారం, మధ్యాహ్నం 3:10

నీలవేణి, నువ్వు నా కూతురివి అయ్యుండాల్సింది.

---

ఆబిడ్స్ పాతకాపు · మంగళవారం, సాయంత్రం 4:30

సీసా ఆలోచన బాగుంది కానీ, తాజ్‌మహల్ మాత్రం వదలకండి. వైద్యం అయ్యాక మధ్యాహ్నం ఆటోలో వెళ్లండి. తీరిగ్గా కూర్చోవచ్చు. ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు కూడా ఉండేవి. శుక్రవారం కదా, ఆ భాగ్యం లేదు.

---

తుని అబ్బాయి · శనివారం, రాత్రి 8:50

వచ్చేశాం, తిరిగి తునిలో ఉన్నాం. అందరూ అడుగుతున్నారు కాబట్టి జరిగినదంతా రాస్తాను. పెద్దగానే ఉంటుంది.

గురువారం మధ్యాహ్నం అమ్మ డికాషన్ తీసి, ఖాళీ అయిన తేనె సీసాలో పోసింది. ఆ సీసాను నాలుగుసార్లు కడిగి, ఎండలో పెట్టి, వాసన చూసి, మళ్లీ కడిగింది. సీసాను పాత తువ్వాలులో చుట్టి, నా సంచీ నమ్మక తన సంచీలోనే పెట్టుకుంది. రాత్రి రాజమండ్రి దాటాక కూడా ఒకసారి లేచి సంచీ తడిమి చూసుకుంది. నగలు పెట్టుకుని పెళ్లికి వెళ్లినప్పుడు కూడా ఇంత కాపలా చూడలేదు. గోదావరి 1974లో మొదలైన బండి, దానికి ఎన్ని రకాల సామాన్లు తెలిసినా, తేనె సీసాలో డికాషన్ కొత్తే అయ్యుంటుంది.

నాంపల్లిలో దిగి, ముఖాలు కడుక్కుని, బట్టలు మార్చుకుని బయటికి వచ్చేసరికి ఏడు కావస్తోంది. "సీసా ఉంది కదా, ముందు ఇక్కడి కాఫీ ఒకటి చూద్దాం" అంది. అంటే పరీక్ష పెడుతుందన్నమాట. స్టేషన్ దగ్గర ఒక టిఫిన్ హోటల్లోకి వెళ్లాం. పేరు రాయను. ఇడ్లీ మెత్తగా బాగుంది. కాఫీ అడిగాక అమ్మ కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని వంటగది గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. లోపల కుర్రాడు ఒక చెంచాతో డబ్బాలోంచి పొడి తీసి గ్లాసులో వేయడం, దాని మీద పాలు పోసి తిప్పడం ఇద్దరం చూశాం. అమ్మ ఏమీ అనలేదు. ఇడ్లీ డబ్బులిచ్చి, కాఫీకి కూడా డబ్బులిచ్చి, కాఫీని అక్కడే వదిలేసి లేచింది. సర్వరు "వేడి చాలలేదా అమ్మా?" అని వెనకాలే వచ్చాడు పాపం. "వేడి ఉంది నాయనా, మిగతాది లేదు" అంది.

అక్కడి నుంచి యూసుఫైన్ దర్గా వైపు నెమ్మదిగా నడిచాం. కాలినడక గారు అన్నట్టు రోడ్డు అప్పటికి ఖాళీగానే ఉంది. సుభాన్ బేకరీ నుంచి వెన్న, పంచదార కాలుతున్న వాసన వస్తుంటే అరకిలో ఉస్మానియా బిస్కెట్లు కొన్నాను. ఆ దగ్గరలోనే ఒక మూల మీద చిన్న చాయ్ హోటలు. నాలుగు బల్లలు. పైన రాతి పలకలు, మధ్యలో తాగి తాగి నునుపెక్కి, అంచుల్లో గరుకుగా. గల్లా దగ్గర తెల్లగడ్డం పెద్దాయన.

నేను ఒక చాయ్, ఒక కప్పు వేడి పాలు, పంచదార లేకుండా, అన్నాను. పాలొచ్చాయి. పైన మీగడ కట్టి ఉంది. అమ్మ సంచీలోంచి తువ్వాలు తీసింది, తువ్వాలులోంచి సీసా తీసింది, మూత తిప్పింది. ఆ మూత "టక్" అన్న చప్పుడుకు పక్క బల్ల మీద ఇద్దరు ఆటో డ్రైవర్లు తిరిగి చూశారు. మీగడను చెంచాతో జాగ్రత్తగా పక్కకు తీసి సాసర్లో పెట్టి, సీసా వంచి, సన్నటి ధారగా పోసింది. నలుపు పాలలోకి దిగి, అడుగు నుంచి గోధుమరంగు పొగలాగా పైకి లేచింది. ఇంట్లో ఎన్నివేలసార్లు జరిగినా నేనెప్పుడూ చూడలేదు, స్టీలు గ్లాసులో కనబడదు కదా. ఆ పింగాణీ కప్పులో చూశాను.

గల్లా పెద్దాయన లేచి వచ్చారు. మందలిస్తారేమో అనుకున్నాను. సీసా వైపు చూసి "ఏమమ్మా, మందా?" అని తెలుగులోనే అడిగారు.

"మందే" అంది అమ్మ. "ఇది లేకపోతే తలనొప్పి."

ఆయన సీసా తీసుకుని వాసన చూశారు. ఎక్కడిది అన్నారు. అరకు అంది. ఆయనకు అరకు తెలియదు, వైజాగ్ తెలుసు. "మా చాయ్ కూడా మందేనమ్మా, మీకు తెలియదు అంతే" అని నవ్వి వెళ్లిపోయారు. పాలకు మాత్రమే డబ్బులు తీసుకున్నారు.

అమ్మ తీర్పు ఇది: డికాషన్ రాత్రి ప్రయాణానికి కొంచెం నీరసించింది, అయినా పనిచేసింది. పాలు మరీ చిక్కన. "పాలా ఇవి, పాయసానికి పెట్టినవి" అంది. అయినా కప్పు ఖాళీ. తొమ్మిదైంది, తలనొప్పి లేదు. పదైంది, మేనత్తల ప్రస్తావన లేదు. నీలవేణి గారికి మా కుటుంబం మొత్తం రుణపడి ఉంది.

కంటి పరీక్షలో చుక్కలు వేసి చాలాసేపు కూర్చోబెట్టారు. బయటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. కళ్లు విప్పలేకపోతోంది, వెలుతురు భరించలేక నల్లకళ్లద్దాలు పెట్టించాను. ఆ స్థితిలో "మీ పాతకాపు చెప్పిన హోటలు ఎక్కడ?" అంది. ఆటో గురించి ఒక్క మాట అనలేదు.

తాజ్‌మహల్‌లో భోజనం చేసి కాఫీ చెప్పాం. ఆవిడకు రంగు కనబడదు, నురగ కనబడదు. అన్నీ మసక. కాఫీ వచ్చి బల్ల మీద పెట్టిన చప్పుడు విని, ముఖం వంచి, ఆవిరి పీల్చింది. ఒకసారి. మళ్లీ ఒకసారి. "చికోరీ ఉంది" అంది. గుక్కెడు తాగి, "ఉండాల్సినంతే ఉంది" అంది. ఇంకో గుక్క తాగి, "ఇంకోటి చెప్పు" అంది.

పాతకాపు గారూ, ఆ రెండోది మీ లెక్కలో వేసుకోండి.

---

ఆబిడ్స్ పాతకాపు · శనివారం, రాత్రి 9:05

వేసుకున్నాను. ఏ బల్ల దగ్గర కూర్చున్నారు?

---

తుని అబ్బాయి · శనివారం, రాత్రి 9:08

కిటికీకి దూరంగా, వెలుతురు పడని మూల. ఆవిడ కళ్ల కోసం.

---

చికోరీ విరోధి · శనివారం, రాత్రి 9:11

కళ్లు కనబడకుండా చికోరీ పట్టుకున్నారంటే ఆవిడకు నా నమస్కారం. "ఉండాల్సినంతే" అన్న మాట మీద మాత్రం ఆ పాత చర్చలో కలుద్దాం.

---

కాలినడక · శనివారం, రాత్రి 9:20

స్టేషన్ నుంచి ఆ చాయ్ హోటలు దాకా ఎన్ని నిమిషాలు పట్టింది? నా పట్టికలో రాసుకుంటాను.

---

తుని అబ్బాయి · శనివారం, రాత్రి 9:26

టిఫిన్ హోటలు తీసేస్తే పంతొమ్మిది నిమిషాలు. మధ్యలో మూడుసార్లు ఆగాం. మోకాలి కోసం ఒకసారి, బిస్కెట్ల కోసం ఒకసారి. ఇంకోసారి మామిడికాయల బండి దగ్గర, కొనడానికి కాదు, తునిలో ఇదే కాయ ఎంతో అతనికి చెప్పడానికి.

---

డికాషన్ అత్తయ్య · శనివారం, రాత్రి 9:31

ఆవిడను ఇక్కడ సభ్యురాలిగా చేర్పించండి. నేను హామీ ఉంటాను.

---

ఇరానీ గల్లీ · శనివారం, రాత్రి 9:40

అన్నీ చెప్పారు. మీకు వచ్చిన ఆ చాయ్ సంగతి చెప్పలేదు. అమ్మగారు రుచి చూశారా, లేదా? నిజం చెప్పండి.

---

తుని అబ్బాయి · శనివారం, రాత్రి 9:44

ఉస్మానియా బిస్కెట్టు నా కప్పులో ముంచుకుని తింది. రెండు బిస్కెట్లు. అది తాగడం కిందికి రాదట.